జీడిపిక్కల బరువులు నార్మల్‌గా ఉన్నట్టేనా?

పలాస అమ్మాయి: డిగ్రీ ప్రాజెక్టు కోసం మా కళ్లంలో ఆరబోసిన జీడిపిక్కలు 120 ఒక్కొక్కటీ తూచాను. 2 గ్రాముల తరగతి అంతరంతో హిస్టోగ్రామ్ గీస్తే నాలుగే కడ్డీలు, చక్కగా గంటలా, అంటే నార్మల్ పంపిణీ ఆకారంలో వచ్చింది. అరగ్రాముతో గీస్తే మధ్యలో పల్లం పడింది. దేన్ని నమ్మాలి? వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

విజయనగరం లెక్చరర్: నాలుగు కడ్డీల్లో ఏ పల్లమైనా పూడిపోతుందమ్మా. అంతరం మార్చి మార్చి గీయి. ఎలా గీసినా పోని ఆకారమే డేటాది. క్యూ-క్యూ ప్లాట్ (నీ విలువల్ని, నార్మల్ అయితే రావాల్సిన విలువలతో పోల్చే బొమ్మ) కూడా వేసి చూడు. చుక్కలు తిన్నగా గీత వెంట ఉంటే నార్మల్‌కు దగ్గరే. విల్లులా వంగితే ఒక పక్క తోక సాగినట్టు. సగటుకు అటూ ఇటూ ఒక ఎస్.డి. (ప్రామాణిక విచలనం) లోపు 68 శాతం, రెండింటి లోపు 95 శాతం రావాలి. అది సరిపోయినంత మాత్రాన నార్మల్ అనేయకు. ఇంతకీ ఆ పిక్కలన్నీ ఒకే రకం చెట్లవా?

పలాస అమ్మాయి: కాదు మాస్టారూ. కొన్ని తాతయ్య నాటి చెట్లవి, కొన్ని నాన్న వేసిన అంటు మొక్కలవి. అన్నీ ఒకే టార్పాలిన్ మీద ఎండబెట్టాం.

సోంపేట ల్యాబ్: ఆ పల్లం రెండు రకాలు కలవడం వల్లే అయ్యుంటుంది చెల్లీ. ఆడవాళ్ల, మగవాళ్ల హిమోగ్లోబిన్ కలిపి గీసి నేనూ ఇలాగే తికమకపడ్డాను. మా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) విలువలు గీస్తే ఇంకో సంగతి. ఎక్కువమంది ఎడమవైపు గుమిగూడి, కుడివైపు పొడవాటి తోక వస్తుంది. సగటును ఆ తోక తన వైపు లాగేస్తుంది కాబట్టి నేను మధ్యగతమే రాస్తాను. లాగ్ (సంవర్గమానం) తీస్తే కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. అవుట్‌లయర్లు (మిగతావాటికి దూరంగా పడ్డ విలువలు) అని చెప్పి ఆ తోకను కోసేయమని ఒకాయన సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. ఆ తోకలో ఉన్నది జబ్బుపడిన మనుషులు. మనం వెతుకుతున్నది వాళ్లనే కదా!

బొబ్బిలి కుర్రాడు: డేటా నార్మలా కాదా చూడ్డానికి 1965లో వచ్చిన షపీరో-విల్క్ టెస్ట్ ఉంది కదా, పి-విలువ (డేటా నార్మలే అయితే ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 దాటితే చాలు కదండీ?

విజయనగరం లెక్చరర్: చాలదు బాబూ. 15 విలువలుంటే వంకర డేటా కూడా దాటేస్తుంది. వేలల్లో ఉంటే పట్టించుకోనక్కర్లేని తేడాకే తప్పుతుంది. బొమ్మతో కలిపి చదవాలి. రిగ్రెషన్ (ఒకదాన్ని బట్టి ఇంకోదాన్ని అంచనా కట్టడం) చేస్తుంటే చూడాల్సింది అసలు డేటాను కాదు, రెసిడ్యువల్స్‌ను, అంటే అసలు విలువకూ అంచనాకూ మధ్య తేడాలను.

పలాస అమ్మాయి: తూచిన పిక్కలు కలిసిపోయాయి మాస్టారూ, ఇప్పుడు విడదీయలేను. చెట్ల కింద ఇంకా రాలుతున్నాయి. రేపు పొద్దున్నే రెండు సంచులు పట్టుకెళ్లి వేరువేరుగా ఏరి, మళ్లీ తూస్తాను.