సర్వీస్ చేశాక ఫోర్క్ 10 మిల్లీమీటర్లు కుంగింది, ఎక్కడ తప్పు చేశాను?

నా మౌంటెన్ బైక్‌ది 140 మిల్లీమీటర్లు కుంగే ఎయిర్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని, గాలి ఒత్తిడితో కుదుపులు మింగే భాగం). 50 గంటల రైడింగ్ దాటిందని మొదటిసారి ఇంట్లోనే లోయర్స్ (ఫోర్క్ కింది కాళ్లు) విప్పాను. ముందు గాలంతా తీసేశాను. అడుగు బోల్టులు మూడు నాలుగు చుట్లు వదులు చేసి రబ్బరు సుత్తితో కొడితే ఊడొచ్చాయి. లోపలి నూనె రెండు చెంచాలు కూడా లేదు, అదీ బురదనీళ్లలా ఉంది. ఫోమ్ రింగులు పిండితే నల్లటి రసం కారింది. (ఇన్నాళ్లూ దీనిమీదే తిరిగానా అనిపించింది.)

అన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రింగుల్ని కొత్త నూనెలో నానబెట్టి, మాన్యువల్ చెప్పినంత నూనె సిరంజితో పోసి బిగించాను. ఎయిర్ స్ప్రింగ్ (గాలి నిండే భాగం) జోలికి పోలేదు.

ఇప్పుడు గాలి కొట్టినా స్టాంషన్ (లోయర్స్‌లోకి జారే పై గొట్టం) 130 మిల్లీమీటర్లే కనిపిస్తోంది. చేత్తో పైకి లాగితే పూర్తిగా వస్తుంది, వదిలేస్తే మళ్లీ దిగుతుంది. నెగెటివ్ చాంబర్ (ఫోర్క్‌ని కుంగే వైపు నెట్టే చిన్న గాలి గది) సమం కాలేదేమోనని గాలి తీసి, కొంచెం కొంచెంగా కొడుతూ మధ్యమధ్యలో నొక్కి చూశాను. తేడా లేదు.

బోల్టులు బిగించేటప్పుడు ఫోర్క్ కాస్త నొక్కుకుని ఉందని గుర్తు. అందువల్ల లోయర్స్‌లో వాక్యూమ్ ఏర్పడిందా? పలచటి జిప్ టైని వైపర్ సీల్ (లోయర్స్ పైఅంచున దుమ్ము ఆపే రబ్బరు రింగు) కిందకి దూర్చితే గాలి లోపలికి పోతుందంటారు, కానీ సీల్ చిరుగుతుందేమోనని టెన్షన్. అలా చేసినవాళ్లున్నారా, లేక బోల్టులు మళ్లీ విప్పడమే మేలా?

ఇంకోటి, డాంపర్ (ఫోర్క్ కదలిక వేగాన్ని అదుపు చేసే భాగం) వైపు బోల్టు దగ్గర పొద్దునకల్లా ఒక నూనె చుక్క ఉంటోంది. పాత క్రష్ వాషరే (బిగిస్తే నలిగి సందు మూసేది) మళ్లీ వేశాను. కారణం అదేనా?