స్టోరు బియ్యం ఆగిన ఇంటికి వీధోళ్ళం మా బియ్యం పోయొచ్చా, పోస్తే ఆఫీసోళ్ళకు అలుసా?

జీవకోన ఇంటిది
మా వీధి చివర ఒక అవ్వ ఒంటరిగా ఉంటుంది. రేషన్ కార్డులో ఒక్క పేరే, నెలకు 5 కేజీల బియ్యం. రెండు నెలలుగా వేలిముద్ర పడలేదని స్టోరు దగ్గర నుంచి ఉత్త సంచితో తిరిగొస్తోంది. ముప్పై ఏళ్ళు చింతపండు కొట్టిన చెయ్యి అది. బొటనవేలు పట్టుకుని చూస్తే, వంకలోని గులకరాయి మాదిరి నున్నగా ఉంది. కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, పది వేళ్ళూ పెట్టించినారంట. మిషన్ ఒప్పుకోలేదు.

మొన్న ఇంట్లోకి పోతే పొయ్యి మీద నూకల గంజి కాగుతోంది. ఇదేనా తినేది అంటే "పొద్దున సంగటి తిన్న్యాలేమ్మా" అనింది. రాగిపిండి డబ్బా కడిగి బోర్లించి ఉంది.

మేం ఐదిళ్ళోళ్ళం తలా కేజీ పోసినాం. మా ఆయనేమో "మీరిట్లా పోస్తా ఉంటే స్టోరాయనకేం బాధ, ఆఫీసులో వాళ్ళకేం బాధ? ఆమె కార్డు అట్లే మూలన పడుతుంది" అంటాడు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే రచ్చ. మీరేమంటారు?

లెక్కల మాస్టరు
మీ ఆయన చెప్పిందే సరి అమ్మా. ఆ బియ్యం దానం కాదు, హక్కు. 2013 ఆహార భద్రతా చట్టం 8వ సెక్షన్ ప్రకారం, రావాల్సిన తిండిగింజలు ఇవ్వకపోతే ప్రభుత్వం బదులుగా డబ్బు కట్టాలి. మీరు గమ్మున పోసేస్తే ఆమె పస్తున్న సంగతి ఎవరికి తెలుస్తుంది? కాగితాల్లో ఆమె "బియ్యం తీసుకోని మనిషి" అవుతుంది. రేపు "అవసరం లేనట్టుంది" అని కార్డే తీసేయొచ్చు. 1967కి ఫోన్ చేయించండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇప్పించండి.

సంగటిముద్ద
మాస్టారూ, సోమవారం దాకా అవ్వ ఏం తినాల, సెక్షనా?

కొండకింద కుర్రోడు
తిరుపతిలో అన్నానికి కరువేంది? కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది. కింద అన్న క్యాంటీన్లో 5 రూపాయలకు భోజనం. ఈ ఊర్లో ఒక మనిషి గంజి తాగి పడుకునిందంటే నమ్మబుద్ధి కాదు.

సంగటిముద్ద
కొండ మీద తినాలంటే కొండెక్కాల కదబ్బా. మోకాళ్ళ నొప్పులతో స్టోరు దాకా పోనీకే ఆమెకు అరపూట పడుతుంది. పొయ్యి, కుండ, ఉప్పూకారం అన్నీ ఉన్న మనిషిని రోజూ పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడమంటావా? ఆమెకు కావాల్సింది వండుకోనీకే బియ్యం.

క్యాంటీన్ మాట తెచ్చినావు కాబట్టి చెప్తా. 2018లో తెరిచినారు, 2019లో మూసినారు, మళ్ళీ 2024లో తెరిచినారు. ఏ పార్టీ మంచిది అనే గొడవ ఇక్కడ పెట్టొద్దండి, దండం పెడతా. మధ్యలో ఐదేళ్ళు ఆ కూలోళ్ళు యాడ తిన్నారు అనేదే నా ప్రశ్న. పైనోళ్ళు పెట్టిన పళ్ళెం పైనోళ్ళే లాక్కోగలరు. పక్కింటి కుండ అట్ల కాదు.

పాత డీలరు
చిత్తూరు పక్క పల్లెలో 11 ఏళ్ళు స్టోరు నడిపినాను. ఇద్దరిదీ సగం సగం నిజం.

వేలు పడకపోతే కన్ను చూసే మిషన్ ఉంది. కంట్లో పొర ఉంటే అదీ పడదు. నా రోజుల్లో అట్లాంటోళ్ళకు వీఆర్వో వచ్చి తన వేలిముద్ర వేసి ఇప్పించేవాడు. ఝార్ఖండ్‌లో రేషన్ అందక ఒక పాప పోయిందని గొడవయ్యాక, ఆధార్ సాకుతో ఎవరికీ తిండిగింజలు ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. డీలరు ఎందుకు భయపడతాడంటే, మిషన్ లెక్కకూ గోతాల లెక్కకూ తేడా వస్తే అతని మెడకే. పైన ఎవరో ఒకరు వేలు పెడితే గానీ అతను ఇవ్వడు.

ఇంకొకటి. 2021లో ఇంటింటికీ బండి వచ్చింది, 2025 జూన్ నుంచి మళ్ళీ స్టోర్లే. కానీ 65 దాటినోళ్ళకు, వికలాంగులకు ఇంటికే తెచ్చివ్వాలి. అవ్వకు ఆ సంగతి ఎవరైనా చెప్పినారా? ఇదే స్టోరు అని లేదు, వేరే స్టోరులోనూ ఒకసారి వేలు పెట్టించి చూడండి. ఒక మిషన్లో పడనిది ఇంకోదాంట్లో పడటం నేను చూసినా.

వీధిలో కాటా పెట్టుకుని స్టోరు బియ్యం కొనేవాళ్ళ దగ్గర మాత్రం చౌక అని కొని ఆమెకు పోయొద్దు. నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు పెడతారు, పుణ్యానికి పోతే పాపం ఎదురొస్తుంది.

జీవకోన ఇంటిది
డీలరన్నా, ఆధార్ తీసి చూసినా. పుట్టిన తేదీ జనవరి 1, లెక్కేస్తే 61 ఏళ్ళు! మనిషిని చూస్తే డెబ్బై తక్కువ ఉండవు. కార్డు తీసిన రోజు నోటికొచ్చింది రాసేసినట్టున్నారు. ఇంటికి తెచ్చిచ్చే లిస్టులో పేరు లేనిది అందుకే. కొర్లగుంట వైపు స్టోరుకు ఆటోలో తీసుకుపోయినా. అక్కడా పడలేదు. కన్నూ పడలేదు.

ఇంకో సంగతి. మేం పోసింది ఆమె ఊరికే తీసుకోలేదు. "అప్పు కిందైతే పోయండి" అనింది. పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది, కేజీకి ఒక గీత. ఇప్పటికి ఐదు.

లెక్కల మాస్టరు
ఆ గోడ ఫోటో తీసి అర్జీకి జత చేయండమ్మా. రెండు నెలలు రాని బియ్యానికి అంతకన్నా లెక్కేం కావాలి? పోయొద్దు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అర్జీ మాట మాత్రం తీసుకోను.

కొండకింద కుర్రోడు
నాది ఆరో గీత. ఇల్లు ఎక్కడో మెసేజ్ పెట్టండి అక్కా.

జీవకోన ఇంటిది
అవ్వను అడిగి చెప్తా తమ్ముడూ, అప్పు ఆమెది కదా. సోమవారం మా ఆయన పనికి సెలవు పెట్టి ఆమెను కలెక్టరేటుకు తీసుకుపోతున్నాడు.