ఎండలకు ఈనిన కుందేళ్లు దాణా ముట్టడం లేదు, పిల్లలు దక్కడం లేదు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర పల్లె. న్యూజిలాండ్ వైట్ జాతి కుందేళ్లు 14 ఆడవి, 3 మగవి ఉన్నాయి, సిమెంటు రేకుల షెడ్డు. చలికాలమంతా బాగున్నాయి, ఉగాది దాటాక మొదలైంది కష్టం. ఉదయం తొమ్మిదికి ఒక్కోదానికి 150 గ్రాముల దాణా వేస్తే సాయంత్రానికి సగం అలాగే ఉంటోంది. మొన్న ఒకటి ఏడు పిల్లల్ని ఈనింది, నాలుగో రోజుకు మూడే మిగిలాయి. చచ్చినవాటిని చేతిలోకి తీసుకుంటే పొట్టలు ముడతలు పడి వీపుకు అంటుకుపోయాయి, చూడలేకపోయాను. పాలు పడతాయని మొక్కజొన్న పెంచితే ఇప్పుడు రెండు కుందేళ్లు పారుకుంటున్నాయి. దాణాలో ఏం మార్చాలి?

జవాబు 1
దాణా కంటే ముందు నీళ్లు చూడు అన్నా. మధ్యాహ్నం రెండింటికి నీళ్ల పైపుకు ఉండే నిపుల్ నొక్కి ఆ నీళ్లు అరచేతిలో పట్టు. డ్రమ్ము, పైపు ఎండలో ఉంటే కాగిన నీళ్లొస్తాయి, అవి తాగవు, నీళ్లు తాగని కుందేలు మేత కూడా మానేస్తుంది, ఇక పాలెక్కడివి? పాలిచ్చే తల్లికి రోజుకు లీటరు దాకా కావాలి. మేం డ్రమ్మును నీడకు మార్చి తడి గోనెపట్టా చుట్టాం. ఇంకొకటి, తొమ్మిదికి వేసి లాభం లేదు, అప్పటికే ఎండ ఎక్కుతుంది. పొద్దు పొడవకముందు కొంచెం, పొద్దుగూకాక మూడొంతులు వెయ్యి. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా, చర్మం కిందే తెల్లగా కనిపిస్తుంది, రోజూ ఉదయం చూసుకో.

జవాబు 2
మొక్కజొన్న వెంటనే తగ్గించండి. పిండి ఎక్కువై పీచు తక్కువైతే పారుడు ఖాయం. పారుకునే రెండింటికీ దాణా ఆపి ఎండుగడ్డి, నీళ్లు మాత్రమే పెట్టండి, తగ్గకపోతే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకు చూపించండి. ఎండాకాలం ఎలాగూ తక్కువ తింటాయి కాబట్టి తిన్న ఆ కాస్తలోనే బలం ఉండాలి, పాలిచ్చేవాటి దాణాలో మాంసకృత్తులు 17, 18 శాతం ఉండేలా చూసుకోండి. దశరథ గడ్డి, అవిసె, మునగాకు ఏది దొరికితే అది కోసి, కాస్త వాడనిచ్చి సాయంత్రం వేయండి. సుబాబుల్ మాత్రం కొంచెమే, ఎక్కువైతే వెంట్రుకలు ఊడతాయి. వేరుశనగ చెక్క వాడుతుంటే విరిచి వాసన చూడండి, బూజు కనిపిస్తే అసలు వద్దు.

జవాబు 3
మగవాటిని మరిచిపోతున్నారు. 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే వాటి వీర్యంలో సత్తువ పోతుంది, ఎండలు తగ్గాక కూడా కోలుకోవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. చూడి కట్టలేదని ఆడదాన్ని తీసెయ్యకండి. మూడు మగవాటినీ షెడ్డులో అన్నిటికంటే చల్లటి మూలకు మార్చండి.

అడిగిన అన్న
రెండింటికి నిపుల్ నొక్కాను, చెయ్యి చురుక్కుమంది. ఇన్నాళ్లూ ఆ నీళ్లే పెట్టానా అని ప్రాణం ఉసూరుమంది. డ్రమ్ము మార్చేశాను, ఈ రాత్రి నుంచే దాణా కూడా మారుస్తున్నాను. చెక్క బస్తా అడుగున పచ్చటి బూజుంది. అది ఆవుకైనా వేయొచ్చా?

జవాబు 2
వద్దండీ, ఆ బూజు విషం ఆవు పాలల్లోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. దూరంగా గొయ్యి తీసి పూడ్చేయండి.