తాతగారి ఫోటోలో యూనిఫాం: మొదటి యుద్ధమా, రెండోదా, అసలు సైన్యమేనా?

పాతపెట్టె:
మా అమ్మ వాళ్ళ నాన్నగారి ఫోటో గురించి అడుగుతున్నాను. "తాత మొదటి యుద్ధానికి బస్రా వెళ్ళొచ్చాడు" అని ఇంట్లో అందరూ చెప్పేవాళ్ళు. నేనూ అదే నమ్ముతూ పెరిగాను. మొన్న మామయ్య ఫోటో చేతిలోకి తీసుకుని, "ఇది మిలిటరీ కాదురా, రిజర్వు పోలీసు" అన్నాడు. అమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫోటో స్టూడియోలో తీసింది. వెనక తెర మీద మెట్లు, పూలకుండీ గీసి ఉన్నాయి. తాత నిటారుగా నిలబడ్డారు. ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా నిక్కరు, పొడుగు మేజోళ్ళు, చీలమండల దగ్గర మాత్రం చుట్టిన గుడ్డ పట్టీలు. ముదురు రంగు తలపాగా. ఎడమ భుజం మీంచి ఛాతీకి అడ్డంగా తోలు పట్టా, దానికి చిన్న చిన్న సంచులు. భుజం మీద ఇత్తడి అక్షరాలున్నాయి కానీ చదవడానికి రావడం లేదు. పతకాలేమీ లేవు. ఎవరైనా తేల్చి చెప్పగలరా?

లాఠీ:
మీ మామయ్య మాటే నిజమనిపిస్తోందండీ. మా ఇంట్లో రెండు తరాలు పోలీసులే. అప్పట్లో చాలాచోట్ల కానిస్టేబుళ్ళకు ఎర్ర తలపాగా ఉండేది, ఫోటోలో అది నల్లగా పడుతుంది. నిక్కరు, పట్టీలు, తోలు పట్టా పోలీసులకూ ఉండేవి. 1921లో లేపిన మలబార్ స్పెషల్ పోలీసునే చూడండి, పటాలానికీ వాళ్ళకూ తేడా పట్టడం కష్టం. ఖాకీ కనబడితే చాలు, సైన్యం అనేసుకుంటాం.

చీకటిగది:
లాఠీ గారూ, తలపాగా నల్లగా ఉంది కాబట్టి ఎర్రది అనడం మాత్రం ఒప్పుకోను. ముప్పై ఏళ్ళు పాత ఫోటోలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఆ రోజుల్లో స్టూడియోల్లో ఎక్కువగా వాడిన ప్లేట్లు ఎరుపును గుర్తించవు. ఎర్ర దీపం కిందే కడుక్కోవచ్చు కాబట్టి, కొత్తరకం ఫిల్ము వచ్చాక కూడా చాలామంది వాటినే వాడారు. వాటిలో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడతాయి. ముదురు ఖాకీ, ముదురు ఆకుపచ్చ కూడా నల్లగానే కనిపిస్తాయి. కాబట్టి ఛాయను చూసి రంగు చెప్పకండి.

పాతపెట్టె గారూ, ఫోటో అంతా మళ్ళీ స్కాన్ చేయక్కర్లేదు. భుజం ఉన్న భాగం మాత్రం 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల వివరంతో) తీయండి. అట్ట నుంచి ఫోటోను ఊడదీయవద్దు. తడిగుడ్డ అసలే వద్దు.

కొత్తచూపు:
మీరు పెట్టిన బొమ్మనే నేనొక ఏఐ యాప్‌లో వేసి పెద్దది చేశాను. అక్షరాలు స్పష్టంగా వచ్చాయి: ఎం ఎస్ పి. మలబార్ స్పెషల్ పోలీసే. ఇక చర్చ అనవసరం.

చీకటిగది:
దయచేసి దీన్ని సాక్ష్యంగా తీసుకోకండి. ఆ యాప్ కళ్ళకు కనబడనిదాన్ని చూడదు, అక్కడ ఏముంటే బాగుంటుందో ఊహించి గీస్తుంది. మీ బొమ్మలో చొక్కా గుండీలు చూడండి. అసలు ఫోటోలో నాలుగుంటే మీరు పెట్టినదాంట్లో ఐదున్నాయి! గుండీని పుట్టించింది అక్షరాన్ని పుట్టించదా?

పటాలం:
పాతపెట్టె గారూ, నేను సైన్యంలో పనిచేసి రిటైరయ్యాను. మొదట ఫోటో కుడి ఎడమలు తిరగబడి ప్రింటయిందేమో చూసుకోవాలి. మగవాళ్ళ చొక్కాలో ఎడమవైపు అంచు పైకి వస్తుంది, ఇందులోనూ అలాగే ఉంది. అంటే ఫోటో సరిగ్గానే ఉంది. ఆఫీసర్లు వేసుకునే శామ్ బ్రౌన్ బెల్టుకు అడ్డపట్టా కుడి భుజం మీంచి వస్తుంది. తాతగారిది ఎడమ భుజం మీంచి వచ్చింది, పైగా దానికి సంచులున్నాయి. అది తూటాలు పెట్టుకునే బాండోలియర్. గుర్రపు దళాలు, ఫిరంగి దళాలు, సరుకు రవాణా చేసేవాళ్ళు ఎక్కువగా వాడేవాళ్ళు. దాని మీద గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఒక్కటే ఉండి ఉంటే బిళ్ళ బంట్రోతు అనుకునేవాణ్ణి. కలెక్టరు కచేరీ బంట్రోతును సిపాయి అనుకుని పూజగదిలో పెట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు. అందులో తక్కువతనం ఏమీ లేదు, కానీ నిజం నిజమే కదా.

ఇక కాళ్ళు. మొదటి యుద్ధం నాటి సిపాయి ఫోటోల్లో పట్టీలు మోకాలి కిందిదాకా చుట్టి ఉంటాయి. మేజోళ్ళ మీద చీలమండ దగ్గర పొట్టి పట్టీలు రెండు యుద్ధాల మధ్య, రెండో యుద్ధంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఇదొక్కటే రుజువని అనను. మాట్లాడాల్సింది భుజం మీది అక్షరాలే.

పాతపెట్టె:
స్కాన్ చేశాను, చీకటిగది గారు చెప్పినట్టే. నాలుగో ఐదో అక్షరాలున్నాయి, వంపుగా. చివరి రెండూ ఎస్, సి అని చిన్నపిల్లలు కూడా చదివేలా ఉన్నాయి. వాటికి ముందుది ఏ లాగే ఉంది. మొదట్లో తలపాగా నీడ పడింది. ఆ నీడలో ఒక అక్షరం కాలు మాత్రం ఏటవాలుగా బయటికొచ్చింది.

పటాలం:
అయితే అది సప్లై, ట్రాన్స్‌పోర్టు వాళ్ళది. 1923కు ముందు ఆ విభాగం పేరు సప్లై అండ్ ట్రాన్స్‌పోర్ట్ కోర్. ఆ ఏడాది ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అయింది. 1935లో ముందు రాయల్ చేరి, ఐదక్షరాలయ్యాయి: ఆర్ ఐ ఏ ఎస్ సి. ఆ ఏటవాలు కాలు ఆర్ దే అయితే ఫోటో 1935 తర్వాతది. ఆర్ లేకపోయినా 1923కు ముందుది కావడానికి వీల్లేదు. ఈ యూనిఫాంలో మొదటి యుద్ధం లేదండీ.

లాఠీ:
అక్షరాలు చూశాక పోలీసు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాతపెట్టె గారి అమ్మగారు బాధపడ్డారని చదివి నాకూ కష్టమనిపించింది. కానీ ఏటవాలు గీత ఒక్కటి చూసి ఆర్ అనడం తొందరపాటే. అది తలపాగా మడత నీడ కూడా కావచ్చు. 1923 తర్వాతది అనండి, ఒప్పుకుంటాను. 1935 తర్వాతది అనడానికి ఇంకో ఆధారం కావాలి. ఇంకో మాట. అమ్మగారి ఇంట్లో అందరూ బస్రా అంటున్నారంటే, ఊరికే పుట్టిన పేరు కాదు. పొలం గట్టు దాటని ఇళ్ళలో బస్రా అనే పేరు ఎవరు కల్పిస్తారు? మీ లెక్క ప్రకారం ఆ మాటను ఏం చేయాలి?

పటాలం:
మీ ప్రశ్న న్యాయమైనది. బస్రా అనగానే అందరికీ 1914 నాటి మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్, గుర్తొస్తుంది. కానీ 1941 ఏప్రిల్‌లో కూడా భారత సైన్యం బస్రాలో దిగింది. ఇరాక్‌లో తిరుగుబాటు ప్రభుత్వం వచ్చినప్పుడు ఇక్కడి నుంచే పటాలాలు పంపారు. ఆ ఆగస్టులో ఇరాన్‌లోకి వెళ్ళారు. తర్వాత ఆ దారినే లారీల్లో, రైళ్ళలో సోవియట్ యూనియన్‌కు యుద్ధ సరుకు చేరవేశారు. అంటే సర్వీస్ కోర్ వాళ్ళ చేతినిండా పని. తాతగారు బస్రా వెళ్ళి ఉండొచ్చు, యుద్ధం మాత్రం రెండోది. "యుద్ధానికి" అన్న మాటకు ముందు "మొదటి" అన్నది తర్వాతెవరో తగిలించి ఉంటారు.

పాతపెట్టె:
అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న లారీ కింద పడుకునేవాళ్ళమని చెప్పేవాడు, ఎండకి నీడ అదొక్కటేనట" అంది. నాకు ఈ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. మొదటి యుద్ధం అనుకున్నాం కదా, లారీ కుదరదని తనే మనసులో అణిచేసుకుందట.

పటాలం:
ఆ ఒక్క మాట నా పది మాటల పెట్టు. రాసి పెట్టుకోండి, తేదీ వేసి. ఇక రికార్డు సంగతి. ఏఎస్‌సీ, అంటే ఆ సర్వీస్ కోర్ ఇప్పటి పేరు, దాని కేంద్రం బెంగళూరులో ఉంది. పేరొక్కటే రాసి అడిగితే దొరకడం కష్టం, సర్వీసు నంబరు ఉండాలి. డిశ్చార్జి కాగితం లేకపోతే రెండు చోట్ల వెతకండి. పతకాలు తర్వాత వచ్చాయేమో, ఉంటే వాటి అంచు చూడండి. మన సిపాయిల పతకాలు చాలావాటి అంచున నంబరు, పేరు చెక్కి ఉంటాయి. రెండోది, ఇనప ట్రంకుపెట్టె. సిపాయి తన పెట్టె మీద నంబరు, పేరు రంగుతో రాయించుకునేవాడు.

లాఠీ:
నంబరు దొరికితే ఆయన ఏ ఏడు చేరారో తేలుతుంది. ఆర్ ఉందా లేదా అన్న మన తగువు కూడా అప్పుడే తీరుతుంది. ఏం తేలినా ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.

పాతపెట్టె:
పతకాలు లేవు. పెట్టె ఉంది! మామయ్య ఇంట్లో, అటక మీద. దానికి రెండుసార్లు ఆకుపచ్చ రంగు వేశారట, మూత మీద తెల్ల అక్షరాల గరుకు మాత్రం చేతికి తగులుతుందని మామయ్యే ఫోన్‌లో చెప్పాడు. పోలీసు అన్నది ఆయనే కదా, ఇప్పుడు ఆయనే గీకి చూస్తానంటున్నాడు. వద్దని చెప్పాను. చీకటిగది గారూ, ఆదివారం వెళ్తున్నాను. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని ఫోటో తీస్తే సరిపోతుందా?

చీకటిగది:
సరిపోతుంది. గది చీకటి చేసుకోండి. టార్చిని మూతకు ఆనించినంత కిందుగా పట్టుకుని, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో తీయండి. ఒకవైపు నుంచి కనబడని గీత ఇంకోవైపు నుంచి లేస్తుంది.