ఎత్తు మీద ఆపినప్పుడు ఆటోమేటిక్ పికప్‌లో కుదుపు, దడ్‌మనే శబ్దం

ప్రశ్న (శృంగవరపుకోట)

వ్యవసాయ మోటార్లు, పైపులు వేసుకుని నెలకు నాలుగైదుసార్లు బొడ్డవర మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటాను. ఇన్నేళ్లూ క్లచ్ బండే నడిపిన నాకు, ఈ మధ్య కొన్న 6 గేర్ల ఆటోమేటిక్ డీజిల్ పికప్ ఎత్తు మీద ఆగే తీరు అంతుపట్టడం లేదు. మలుపులో బస్సు ఎదురై ఆగవలసి వచ్చినప్పుడు, బండి పూర్తిగా నిలిచిన మరుక్షణం వెనుకనుంచి ఎవరో తట్టినట్లు ఒక కుదుపు వస్తుంది. మైదానంలో బ్రేకు వదలగానే తనంతట తానే ముందుకు పాకే బండి, అక్కడ జానెడు వెనక్కి జారుతుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది మూడవది. టీ కోసం పక్కకు ఆపి గేరు లివరు 'పి'లో (పార్కింగ్) పెట్టి, తిరిగి వచ్చి లివరు లాగితే అది బిగుసుకుపోయి, చివరికి కింద దడ్‌మని శబ్దం చేసి వదులుతుంది. గేర్‌బాక్సు పాడైందా, నా అలవాటే తప్పా?

జవాబు (విజయనగరం, మెకానిక్)

ముందుగా ఆ శబ్దం సంగతి చెబుతాను. 'పి'లో పెట్టినంత మాత్రాన చక్రాలకు బ్రేకు పడదండీ. గేర్‌బాక్సు లోపల ఒక పళ్ల చక్రం, 'పి'లో పెట్టగానే దాని పళ్ల సందులోకి దిగే చిన్న ఇనుప కొక్కెం ఉంటాయి. మీరు 'పి'లో పెట్టి, కాలు తీసి, ఆ తరువాత హ్యాండ్ బ్రేకు లాగుతున్నారనుకుంటాను. 12 అడుగులకు 1 అడుగు లేచే ఎత్తు మీద 2,400 కిలోల బండిని 200 కిలోల బరువు వెనక్కి లాగుతుంది, అదంతా ఆ కొక్కెం మీదే వాలుతుంది. అలా బిగుసుకున్న కొక్కెం ఊడి వచ్చే శబ్దమే మీరు వినేది. కాబట్టి కాలి బ్రేకు తొక్కి ఉంచి 'ఎన్'లోకి (న్యూట్రల్) తెచ్చి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, కాలు నెమ్మదిగా సడలించి బండి బరువును దాని మీద కూర్చోనిచ్చి, మళ్లీ కాలు నొక్కి అప్పుడు 'పి'లో పెట్టండి. బయలుదేరేటప్పుడు కాలి బ్రేకు మీద ఉండగానే ముందు 'పి' నుంచి 'డి'లోకి (డ్రైవ్) తెచ్చి, హ్యాండ్ బ్రేకు ఆఖరున దించండి.

వెనక్కి జారడం లోపం కాదు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉన్న టార్క్ కన్వర్టర్‌లో ఒక వైపు రెక్కలు నూనెను చిమ్మితే ఆ వేగానికి రెండో వైపు రెక్కలు తిరుగుతాయి. ఇంజను ఊరికే నడుస్తున్నప్పుడు ఆ చిమ్మే బలం చదునులో చాలుతుంది, లోడుతో ఎత్తు మీద చాలదు. అలాగని బ్రేకు వదిలి, ఎక్సలేటరు మీదే బండిని కదలకుండా నిలబెట్టవద్దు, ఆ శక్తంతా నూనెలో వేడిగా మారుతుంది.

కుదుపు మాత్రం చూడకుండా తేల్చలేను. ఎత్తు మీద వేగం చప్పున పడిపోతుంది గనుక 3 నుంచి 1కి గేర్లు వెంటవెంటనే దిగుతాయి, కొంత అందువల్ల కావచ్చు. కానీ నిలిచాక తట్టినట్లు ఉందంటే నా అనుమానం గేర్‌బాక్సు నుంచి వెనుక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లోని స్లిప్ జాయింట్ (ముందుకూ వెనక్కూ జరిగే అతుకు) మీదే. బ్రేకు తొక్కినప్పుడు కమాన్‌కట్టల మీద ఉన్న వెనుక యాక్సిల్ కొద్దిగా మెలితిరిగి, షాఫ్ట్ ఆ జాయింటులో జరుగుతుంది. గ్రీజు ఎండిపోతే అక్కడ పట్టుకుని, బండి ఆగాక ఒక్కసారిగా వదులుతుంది.

జవాబు (సాలూరు, లారీ డ్రైవరు)

సుంకి ఘాట్‌లో తిరిగేవాడిగా ఒక్క మాట. లోడుతో ఆపినప్పుడు చక్రం కింద రాయి పెట్టండి, కానీ కదిలే ముందు దాన్ని తీసి పక్కన వేయండి. మావాళ్లు నడిరోడ్డు మీద వదిలేసి పోయిన రాళ్లకు రాత్రిపూట బైకుల వాళ్లు పడుతున్నారు.

జవాబు (శ్రీకాకుళం)

మెకానిక్ గారు చెప్పిన వరుస సరైనదే, అయితే హ్యాండ్ బ్రేకు పట్టు ఉంటేనే అది పనిచేస్తుంది. లోడు వేశాక 'ఎన్'లో ఉంచి, కాలు బ్రేకుకు దగ్గరగా పెట్టుకుని, హ్యాండ్ బ్రేకు ఒక్కదాని మీదే వదిలి చూడండి. ఏ మాత్రం జారినా ముందు దాన్ని బిగించుకోవాలి.

ప్రశ్న వేసినవారు, తిరిగి

నిన్న దముకు వ్యూ పాయింట్ దగ్గర నిండు లోడుతో ఆపి, ఆ వరుసలోనే చేశాను. లివరు చదునులో వచ్చినట్లే మెత్తగా వచ్చింది, శబ్దం లేదు. శ్రీకాకుళం వారి పరీక్షలో మాత్రం బండి నాలుగు అంగుళాలు జారింది. రేపు సర్వీసుకు ఇస్తున్నాను, హ్యాండ్ బ్రేకు బిగించి, స్లిప్ జాయింటుకు గ్రీజు కొట్టమని చెబుతాను. కుదుపు పోయిందో లేదో వచ్చే లోడు ఎక్కాక రాస్తాను.