‘తగ్గేదే లే’: ఇందులోని ‘లే’ ఏ ‘లే’?

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ బృందంలో ఎక్కువగా పద్యాల మీద, మరుగున పడిన మాటల మీద చర్చ నడుస్తుంది కనుక, ఒక సినిమా మాటను ముందుకు తేవడం కొందరికి చిల్లరగా అనిపించవచ్చు. అయితే ఆ మాట ఇప్పుడు సినిమాలో కంటే వార్తాపత్రికలోనే ఎక్కువగా కనిపిస్తోంది. పైగా కొన్ని చోట్ల తన అర్థానికి సరిగ్గా వ్యతిరేకమైన అర్థం ఇచ్చేలా కనిపిస్తోంది. కాబట్టి ఇక్కడ అడగదగినదే అనుకుంటున్నాను. ఆ మాట ‘తగ్గేదే లే’.

2021 డిసెంబరు 17న విడుదలైన ‘పుష్ప’లో, శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికే కూలీ గడ్డం కింద చేతిని రాస్తూ పలికిన మాట ఇదని అందరికీ తెలుసు. ఆ తరువాత అది క్రికెట్ మైదానంలోకి వెళ్ళింది. రవీంద్ర జడేజా వికెట్ తీసి అదే సైగ చేశాడు, హైదరాబాదు జట్టుకు చాలాకాలం ఆడిన డేవిడ్ వార్నర్ చేశాడు, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి అర్ధశతకం పూర్తికాగానే చేతికి బదులు బ్యాటునే గడ్డం కింద రాసి చూపించాడు. మరో ఏడాది తిరిగేసరికి ఈ మాటను ఎవరూ పలకరని, ఇలాంటి మాటలన్నిటికీ అంతే ఆయుష్షు ఉంటుందని మా తరగతిలో అనుకున్నాం. అలా జరగలేదు, ఎందుకంటే దానిని శీర్షికలు రాసేవారు దత్తత తీసుకున్నారు. టమాటా ధర తగ్గేదేలే, ఎండలు తగ్గేదేలే, ఫలానా నాయకుడు తగ్గేదేలే. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలను తాకినప్పుడు ‘పసిడి తగ్గేదేలే’ అనే తరహా శీర్షికలు వచ్చాయి. సినిమా చూడని మా అమ్మమ్మ అలాంటి శీర్షిక ఒకటి పైకి చదివి, “పోనీలే, తగ్గేదేనట” అని సంతోషించింది.

అమ్మమ్మ చదివినదాంట్లో తప్పేమీ లేదన్నది నా వాదన. తెలుగులో ఈ చోట రెండు ‘లే’లు ఉన్నాయి. ఒకటి ‘లేదు’లో చివరి అక్షరం జారిపోగా మిగిలినది. రెండోది ఎదుటివారికి నచ్చజెప్పడానికో, విషయాన్ని తేలిక చేయడానికో మాట చివర చేర్చేది: వస్తానులే, సరేలే, పోనీలే. “వాళ్ళింట్లో ఈ గొడవ ఎప్పుడూ ఉండేదేలే” అని మనం ఇంట్లో అంటూనే ఉంటాం. అక్కడ గొడవ ఉంది అని అర్థం, లేదు అని కాదు. అదే అచ్చులో ‘తగ్గేదేలే’ అని పోస్తే, “కంగారు పడకు, అది తగ్గే రకమే” అన్న అర్థం రావాలి. జ్వరంతో ఉన్న పిల్లవాడి తల్లితో వైద్యుడు “తగ్గేదేలే అమ్మా” అన్నాడనుకోండి, ఆమె స్థిమితపడాలా, బెంబేలెత్తాలా? వినేటప్పుడు ఈ చిక్కు రాదు. లేదు అనే ‘లే’కు ముందు గొంతు ఒక క్షణం ఆగుతుంది, ఆ అక్షరం మీద బరువు పడుతుంది, నచ్చజెప్పే ‘లే’ ముందు మాటకు అంటుకుని జారిపోతుంది. అచ్చులో ఆ ఆగడాన్ని చూపించగలిగినది ఖాళీ ఒక్కటే. శీర్షికలో స్థలం మిగుల్చుకోవడానికో, అలవాటు కొద్దీనో దానినే తీసేస్తున్నారు.

ఈ మాట ఇంత దూరం ఎలా వచ్చిందని ఆలోచిస్తే, కారణం కథానాయకుడి ఆకర్షణ ఒక్కటే కాదనిపిస్తుంది. ‘నేను తగ్గను’ అని ఉంటే అది ఆ పాత్రతోనే ఆగిపోయేది. బంగారం ‘తగ్గను’ అనలేదు, ఎండ అనలేదు. ‘తగ్గేదే లేదు’ అన్నప్పుడు తగ్గేవాడు ఎవడో ఆ వాక్యం చెప్పదు. తగ్గడం అనే పనే లేదంటుంది, అంతే. ఒప్పుకునేదే లేదు, వినేదే లేదు, వదిలేదే లేదు అన్నవన్నీ ఈ అచ్చులో పోసినవే. నేను, నువ్వు, వాళ్ళు, టమాటా, గోదావరి వరద, ఎవరైనా ఏదైనా అందులో కూర్చోవచ్చు. హిందీలోకి వెళ్ళేసరికి ఈ సౌకర్యం పోయింది. అక్కడ ‘మై ఝుకేగా నహీ’ అన్నారు. ‘మై’ అన్నాక వ్యాకరణం ప్రకారం ‘ఝుకూంగా’ రావాలి కానీ, వీధిభాష రుచి కోసం ప్రథమ పురుష క్రియను తగిలించారు. పైగా ‘ఝుక్‌నా’ అంటే వంగడం. వంగడానికి వెన్నెముక కావాలి. తగ్గడానికి అది కూడా అక్కరలేదు. ధర, వాపు, వరద, గొంతు, పంతం అన్నీ తెలుగులో ఒకే క్రియతో తగ్గుతాయి.

తగ్గడం తెలుగువారికి ఎప్పుడూ పరాభవం కాదు అని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ‘అనువుగాని చోట నధికుల మనరాదు, కొంచెముండు టెల్ల కొదువ గాదు’ అని చిన్న తరగతుల్లోనే వేమన పద్యం వల్లించిన మేమే, ఉన్నత పాఠశాల దాటేసరికి గడ్డం కింద చేయి రాసుకుంటున్నాం. దీనిని చూసి తరం చెడిపోయిందనేవారితో నేను ఏకీభవించను. అద్దంలో చిన్నదిగా కనిపించే కొండ కొండే అని చెప్పగలిగినది ముందే కొండ అయినవాడు. ఆ సినిమాలో తండ్రి ఇంటిపేరు కూడా దక్కనివాడు ఆ ధీమాతో తగ్గలేడు. రెండు మాటలకూ వేర్వేరు చోట్లున్నాయి. కోట్లు ఉన్న నాయకుడు పత్రికా సమావేశంలో ‘తగ్గేదే లే’ అన్నప్పుడు మాత్రం నాకు వేమనే సరైనవాడనిపిస్తాడు.

మా వసతిగృహం గదిలో ఒకరిది మదనపల్లె, ఒకరిది కరీంనగర్, నాది తెనాలి. సినిమా వచ్చిన కొత్తలో నాకు ఈ ‘లే’ రచయిత కల్పించిన విచిత్రమనిపించింది. మదనపల్లె అమ్మాయికి అందులో వింత ఏమీ కనబడలేదు. కరీంనగర్ అమ్మాయి “రాలే, తినలే, చెయ్యలే అని మేం రోజూ అంటం కదా, అయితే మా దిక్కు తగ్గుడే లేదంటరు” అంది. అంటే మూడు ప్రాంతాలలో రెండింటికి మామూలైన రూపాన్ని నేను ఒక సినిమా వల్ల తెలుసుకున్నాను. నా పాఠ్యపుస్తకాలు పన్నెండేళ్ళలో ఆ మాట చెప్పలేదు. సినిమా వల్ల భాష పాడవుతోందని అనేవారు ఈ లెక్క కూడా చూడాలి.

నా ప్రశ్నలు ఇవి. ఈ మాటను ‘తగ్గేదే లే’ అని విడదీసి రాయడం నియమంగా పెట్టుకోవచ్చునా? రెండు ‘లే’లను వేరుచేసే కచ్చితమైన పరీక్ష ఏదైనా ఉన్నదా?

మొదటి స్పందన

అమ్మాయీ, ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పరీక్ష ఉన్నది, నీ చెవిలోనే ఉన్నది. మర్యాద చేర్చి చూడు. నచ్చజెప్పే ‘లే’ మర్యాదలో ‘లెండి’ అవుతుంది: సరేలే, సరేలెండి, పోనీలే, పోనీలెండి. లేదనే ‘లే’ ఎన్నటికీ ‘లెండి’ కాదు, ‘లేదండి’ అవుతుంది. కాబట్టి ‘తగ్గేదేలెండి’ అంటే తగ్గుతుంది, ‘తగ్గేదే లేదండి’ అంటే తగ్గదు. “ఏం లేదులే” అనే మాటలో రెండూ పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి, గమనించు.

రూపం సంగతి నీవు చెప్పినట్టే. ‘తగ్గే’ అన్నది ‘తగ్గెడు’ నుంచి వచ్చిన విశేషణం, దానికి ‘అది’ చేరి తగ్గేది, నొక్కి చెప్పే ఏకారంతో తగ్గేదే. ఇక అమ్మమ్మగారు చదివినది అలంకారశాస్త్రంలో శ్లేష. మాటను వేర్వేరు చోట్ల విరిస్తే రెండర్థాలు వచ్చేది సభంగ శ్లేష, విరుపు మారకుండానే రెండర్థాలు వచ్చేది అభంగ శ్లేష. ఇక్కడ ఎటు చదివినా విరుపు ‘లే’ ముందే కనుక ఇది అభంగం. పింగళి సూరన రాఘవపాండవీయంలో రామకథనూ భారతకథనూ ఒకే పద్యాలలో నడిపించడానికి పడిన శ్రమను, మన శీర్షికల రచయితలు బంగారం ధర విషయంలో అప్రయత్నంగా సాధిస్తున్నారన్నమాట.

ఖాళీ నియమం మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. తాటాకుల మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. చదివేవాడు సందర్భాన్ని బట్టి విడదీసుకునేవాడు. ఖాళీ అచ్చుతో వచ్చిన అలవాటు, ఇప్పటికీ మనలో ఏ ఇద్దరూ దానిని ఒకలాగా పాటించరు. అర్థం మొత్తం ఒక ఖాళీ మీద నిలబడితే అది నిలవదు. వార్తలో రాయదలిస్తే ‘తగ్గేదే లేదు’ అని పూర్తిగా రాయడమే క్షేమం.

రెండో స్పందన

మాస్టారూ, మాది పూర్వపు చిత్తూరు జిల్లా. మీ సూచనతో ఒక ఇబ్బంది ఉంది. ‘దు’ చేర్చి సరిచేస్తే అర్థం నిలుస్తుంది కానీ, మా మాట పోతుంది. ఇన్నాళ్ళూ మా యాస హాస్యగాడి నోటనో, ప్రతినాయకుడి నోటనో వినబడేది. ఒక కథానాయకుడు సినిమా అంతా ఆ యాసలో మాట్లాడితే, ఆ నటుడికి 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ నటుడి గౌరవం దక్కింది. తెలుగు నటుడికి అది మొదటిసారి. ఆ మాటను శుద్ధి చేసి అచ్చువేయడం మాకు రుచించదు.

మీ పరీక్ష గురించి మరొక మాట. మా వైపు ‘అండి’ వాడకం తక్కువ. మర్యాదైనా చనువైనా అన్నా, అక్కా, అబ్బా అన్న పిలుపులతోనే. ‘తగ్గేదే లే’ అనే మనిషే పక్కన పిలుపు చేరగానే ‘తగ్గేదే లేదన్నా’ అంటాడు. అంటే ‘దు’ పూర్తిగా పోలేదు. వాక్యం చివర మౌనంగా ఉండి, వెనుక అచ్చు వచ్చినప్పుడు బయటపడుతోంది. నచ్చజెప్పే ‘లే’కు వెనుక ఏ పిలుపు వచ్చినా ‘దు’ రాదు: సరేలే అన్నా, సరేలే అక్కా. కాబట్టి మీ పరీక్ష మా దగ్గర కూడా పనిచేస్తుంది, ‘అండి’ స్థానంలో అన్నను పెట్టుకోవాలి.

మళ్ళీ నేను

గురువుగారికి, అన్నగారికి కృతజ్ఞతలు. పరీక్షను మా గదిలో ప్రయోగించాను. కరీంనగర్ అమ్మాయి ‘రాలేదన్నా’ అనీ, ‘రాలే అన్నా’ అనీ రెండు విధాలా అంటుందట. కనుక ‘దు’ తిరిగి రావడం రాయలసీమలో ఉన్నంత గట్టిగా తెలంగాణలో లేదేమో, అక్కడి సభ్యులు చెప్పాలి.

రాత విషయంలో మీ ఇద్దరి మాటలూ వేర్వేరు చోట్లకు వర్తిస్తాయనిపిస్తోంది. కథలో, సంభాషణలో, ఒక మనిషి నోటి మాటగా రాసేటప్పుడు అది అన్నగారి ఊరి మాట. అక్కడ ‘తగ్గేదే లే’ అని ఖాళీతో ఉండాలి, ‘దు’ చేర్చకూడదు. బంగారం ధర గురించిన వార్తలో మాట్లాడేది చిత్తూరు మనిషి కాదు, ఏ ఊరి మనిషీ కాదు. అక్కడ ఆ యాసకు పని లేదు. గురువుగారు చెప్పినట్లు ‘దు’ చేర్చినా నాకు తృప్తి కలగడం లేదు, ఎందుకంటే అప్పుడు కూడా శీర్షిక సినిమానే తలుచుకుంటోంది తప్ప ధరను కాదు. ధరల విషయంలో మనకు ‘దిగిరావడం’ అనే మాట ఎప్పటినుంచో ఉంది; ‘దిగిరాని పసిడి’ అని రాస్తే ‘పసిడి తగ్గేదేలే’ కంటే ఎక్కువ స్థలం పట్టదు, అమ్మమ్మకు తప్పుడర్థమూ తోచదు. టమాటాకూ అదే సరిపోతుంది. ఎండలకు మాత్రం ‘దిగిరాని’ కుదరదు. దానికి తగిన మాట ఎవరికైనా తోస్తే చెప్పగలరు.