స్టాంపు పేపర్ విడాకులు: పెద్దమనుషుల తీర్పు చాలా, కోర్టుకు వెళ్లాలా?

పల్నాటి తమ్ముడు:
అక్క, బావ రెండేళ్లుగా విడిగా ఉంటున్నారు. పిల్లల్లేరు. పోయిన నెల పెద్దమనుషులు కూర్చోబెట్టి వంద రూపాయల స్టాంపు పేపర్ మీద "ఇకపై మాకు ఏ సంబంధమూ లేదు, ఎవరి పెళ్లి వారు చేసుకోవచ్చు" అని రాయించారు. నోటరీ కూడా అయింది. బంగారం, సామాను తిరిగొచ్చాయి. ఇప్పుడు అక్కకి మంచి సంబంధం వచ్చింది. నాన్న ముహూర్తం పెట్టిద్దామంటున్నారు. పెట్టుకోవచ్చా?

చెరువుగట్టు:
నిక్షేపంగా పెట్టుకోండి. పెళ్లి కుదిర్చింది పెద్దలే, విడదీసిందీ పెద్దలే. కోర్టుకెళ్తే వాయిదాల మీద వాయిదాలు, ఈలోపు అమ్మాయి వయసు ఆగుతుందా? మా వైపు ఇలా విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకుని హాయిగా ఉన్నవాళ్లు బోలెడుమంది.

స్వప్న, అడ్వకేట్:
తమ్ముడూ, దయచేసి ఆగండి. హిందూ వివాహ చట్టం (1955) కింద కోర్టు డిక్రీ (విడాకులు ఇస్తూ రాసిచ్చే ఉత్తర్వు) లేనిదే పెళ్లి రద్దు కాదు. నోటరీ ముద్ర సంతకాలకు సాక్ష్యమే తప్ప విడాకులు ఇవ్వలేదు. ఈ కాగితంతో పెళ్లి చేస్తే ఆ రెండో పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఆ కాగితం మీద సంతకం పెట్టిన బావే రేపు మనసు మారి కేసు పెట్టొచ్చు. హాయిగా ఉన్నవాళ్లు ఉంటారు, నిజమే. ఆస్తి దగ్గరో, పెన్షన్ దగ్గరో పేచీ వచ్చిన రోజున ఆ పెద్దమనుషులు ఎవరూ పక్కన నిలబడరు.

చెరువుగట్టు:
కులాచారం ప్రకారం ఇచ్చిన విడాకులు చెల్లుతాయని హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2)లో ఉంది కదమ్మా? మాలో తరతరాలుగా ఇదే పద్ధతి.

స్వప్న, అడ్వకేట్:
ఉంది. కానీ ఆ ఆచారం ఉందని చెప్పుకున్నవాళ్లే కోర్టులో నిరూపించాలి. 2002లో జాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అంటే ఎలాగూ కోర్టు తప్పదు, అదీ గొడవ ముదిరాక.

లక్ష్మి, కరీంనగర్:
ఇంకో మాట. ఈ పంచాయితీల్లో అమ్మాయి చేత "భరణం అడగను" అని రాయిస్తారు. చుట్టూ ఇరవై మంది మగవాళ్లు కూర్చుంటే ఏ పిల్ల నోరు తెరుస్తుంది? పెద్దల మీద గౌరవం ఉంది కానీ ఈ పద్ధతిని నేను ఒప్పుకోను.

పల్నాటి తమ్ముడు:
బావ దుబాయ్‌లో ఉన్నాడండీ. సంతకం పెట్టడానికి ఒప్పుకుంటాడు, రావడమే కష్టం. చాలా కాలం పడుతుందా?

స్వప్న, అడ్వకేట్:
ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఉమ్మడి పిటిషన్ వేయండి. ఏడాది విడిగా ఉంటే చాలు. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. అయితే ఏడాదిన్నర పైగా విడిగా ఉండి, రాజీ కుదరక, ఇచ్చిపుచ్చుకోవడాలు తేలిపోయి ఉంటే ఆ గడువును కోర్టు తీసేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో ద్వారా హాజరుకు కూడా అనుమతించవచ్చని అందులోనే ఉంది. ఇప్పుడున్న స్టాంపు పేపర్ పారేయకండి, ఇచ్చిపుచ్చుకోవడాలు అయిపోయాయని చూపడానికి పనికొస్తుంది. కొత్త సంబంధం వాళ్లకు ఉన్న విషయం చెప్పండి, ముహూర్తం మాత్రం డిక్రీ చేతికొచ్చాకే పెట్టించండి.